మితభాషి సభలో నిలబడే దారి

పదిమంది ముందు నిలబడి మాట్లాడే నేర్పు పుట్టుకతోనే రావాలనీ, లేకపోతే బడిలో ఉన్నప్పుడే వక్తృత్వ పోటీల్లో అలవడాలనీ, ఆ వయసు దాటాక గొంతు విప్పడం సాధ్యం కాదనీ తెలుగునాట బలంగా నాటుకున్న అభిప్రాయం ఒకటి ఉంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం, దోర్నాల, తర్లుపాడు ప్రాంతాలను కలిపి పశ్చిమ ప్రకాశం అని వ్యవహరించే నేలలో గత మూడు నాలుగు దశాబ్దాలలో జరిగిన దానిని గమనిస్తే ఈ అభిప్రాయం నిలవదు. సభను ఎరగని మనుషులు, అందులోనూ నడివయసు దాటినవారు, ఆ నేల మీద సభలో మాట్లాడడం ఎలా నేర్చుకున్నారో, ఆ నేర్పు వెనుక పనిచేసిన పద్ధతి ఏమిటో పరిశీలించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

వాడుకలో కలగాపులగమైపోయిన కొన్ని మాటలను మొదట విడదీసుకోవాలి. అవసరమైనంత వరకే మాట్లాడే మనిషిని మితభాషి అంటారు, అది అలవాటు. అంతర్ముఖుడు అన్నది స్వభావాన్ని చెప్పే మాట. స్విట్జర్లాండుకు చెందిన మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ 1921లో వెలువరించిన గ్రంథంతో ప్రచారంలోకి వచ్చిన ఈ భావన ప్రకారం, కొందరి మనసు బయటి సందడి కంటే లోపలి ఆలోచనల వైపు ఎక్కువగా మొగ్గుతుంది. అలాంటివారు నలుగురిలో ఎక్కువసేపు గడిపితే అలసిపోయి, ఏకాంతంలో తేరుకుంటారు. సభాకంపం వేరు. అది అలవాటూ కాదు, స్వభావమూ కాదు. పదిమంది కళ్లు తన మీద పడినప్పుడు నాలుక పిడచకట్టి, అరచేతులు చెమర్చి, గొంతు పెగలకుండా పోయే శారీరక స్థితి. ఈ స్థితి కలుపుగోలు మనిషికీ రావచ్చు, అంతర్ముఖుడికి రాకపోనూ వచ్చు. నాలుగో రకం మౌనం ఒకటి ఉంది, దాని గురించి తక్కువగా చర్చ జరుగుతుంది. మాట్లాడమని ఎవరూ అడగనందువల్ల, మాట్లాడితే ఇంట్లోనో వీధిలోనో అణచివేసినందువల్ల ఏర్పడే మౌనం అది. నోట్లో నాలుక లేని మనిషి అని ఊరు ముద్రవేసిన చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్లు, నిజానికి ఈ నాలుగో కోవకు చెందినవారు. వారిని సిగ్గరులనడం అన్యాయం.

పశ్చిమ ప్రకాశంలో ఈ మౌనానికి మరొక పొర కూడా ఉంది. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు ఒకప్పుడు కర్నూలు జిల్లాలోవి. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని కొన్ని తాలూకాలను విడదీసి 1970లో ఒంగోలు జిల్లాను ఏర్పాటు చేసినప్పుడు ఇవి అందులో కలిశాయి. ఆ జిల్లాకే 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. జిల్లా మారినా యాస మారలేదు. ఒకవైపు రాయలసీమ, ఒకవైపు పల్నాడు, ఇంకొకవైపు నెల్లూరు సీమ ఆనుకుని ఉండడంతో ఇక్కడి పలుకుబడిలో మూడింటి జాడలూ కనిపిస్తాయి. పత్రికలూ పాఠ్యపుస్తకాలూ ప్రమాణంగా స్వీకరించినది మాత్రం ప్రధానంగా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవారి భాష. అందువల్ల కంభం రైతు జిల్లా అధికారుల సమావేశానికి వెళ్లినప్పుడు, చెప్పవలసిన విషయం మీద ఎంత పట్టున్నా, తన మాట మైకుకు తగినది కాదేమోనన్న సంకోచం ముందుగా అడ్డుపడుతుంది. ఇది మనిషిలోని లోపం కాదు, భాష చుట్టూ అల్లుకున్న మర్యాదల వల్ల కలిగిన బెరుకు.

ఇక సభాకంపం ఎలా పనిచేస్తుందో కొంత తెలుసుకోవడం అవసరం. ప్రమాదం ఎదురైనప్పుడు శరీరం అడ్రినలిన్ అనే రసాయనాన్ని విడుదల చేసి, గుండె వేగాన్ని పెంచి, కండరాలకు నెత్తురును మళ్లించి, పరుగుకో పోరాటానికో మనిషిని సిద్ధం చేస్తుంది. వేదిక మీద పులి లేకపోయినా వందల కళ్లను శరీరం ప్రమాదంగానే లెక్కగడుతుంది. అయితే అదే ఉద్రేకం కొందరికి మేలు చేసి కొందరిని దెబ్బతీయడానికి కారణం ఏమిటన్న ప్రశ్నకు అమెరికాలోని మనస్తత్వవేత్త రాబర్ట్ జయాంక్ 1965లో ఒక సమాధానం ప్రతిపాదించాడు. బాగా అలవాటైన పనిని ఇతరుల సమక్షం మెరుగుపరుస్తుందనీ, ఇంకా పట్టుబడని పనిని అదే సమక్షం చెడగొడుతుందనీ ఆయన సిద్ధాంతం. 1969లో ఆయన బృందం బొద్దింకలతో జరిపిన ప్రయోగంలో, తోటి బొద్దింకలు చూస్తుండగా అవి తిన్నని దారిలో మరింత వేగంగానూ, మలుపున్న దారిలో మరింత నెమ్మదిగానూ పరుగెత్తాయి. పురుగు విషయంలో నిజమైనది మనిషికి యథాతథంగా వర్తిస్తుందని చెప్పలేము కానీ, ఈ సూత్రంలో మితభాషికి ఒక భరోసా ఉంది. విషయమూ దాన్ని చెప్పే తీరూ తిన్నని దారిలా అలవాటైపోతే, సభ శత్రువుగా ఉండడం మానేస్తుంది. అలవాటు పడేది ఎక్కడ, ఎవరి ముందు అన్నదే అసలు సమస్య.

ఈ సమస్యను ఎదుర్కొన్నవారిలో ప్రపంచమంతా ఎరిగిన మితభాషి మోహన్‌దాస్ గాంధీ. లండనులో శాకాహార సంఘం కార్యవర్గంలో ఉన్న కాలంలో ఆయన సమావేశాల్లో నోరు మెదపకుండా కూర్చునేవాడు. వెంట్నర్ అనే ఊళ్లో ఒక సభకు ప్రసంగం కాగితం మీద రాసుకుని వెళ్లి, నిలబడేసరికి చూపు మసకబారి, ఒళ్లు వణికి, చదవలేకపోతే మిత్రుడు మజ్ముదార్ దాన్ని చదవవలసివచ్చింది. లండను విడిచే ముందు హోబర్న్ రెస్టారెంటులో మిత్రులకు ఇచ్చిన విందులో, ఆంగ్ల రచయిత ఆడిసన్ గురించిన చమత్కారంతో మొదలుపెట్టాలని అనుకుని, అది సగంలో మరచిపోయి, వచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నాడు. బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో తొలి కేసుకు నిలబడినప్పుడు ప్రశ్న ఒక్కటీ తట్టక, తీసుకున్న ముప్ఫై రూపాయల ఫీజు తిరిగి ఇచ్చేశాడు. ఇవన్నీ ఆయన స్వయంగా ఆత్మకథలో రాసుకున్న విషయాలే.

అదే మనిషి 1893లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో, హాజీ మహమ్మద్ హాజీ జూసబ్ అనే వర్తకుడి ఇంట్లో చేరిన మేమన్ వ్యాపారుల ముందు నిలబడి మాట్లాడగలిగాడు. తన జీవితంలో మొట్టమొదటి బహిరంగ ప్రసంగం అదేనని చెప్పుకున్నాడు. మధ్యలో జరిగిన మార్పు ఏమిటని చూస్తే, ధైర్యం ఎక్కడి నుంచో ఊడిపడలేదని తెలుస్తుంది. హోబర్న్‌లో మొదలుపెట్టబోయిన మాట అరువు తెచ్చుకున్నది. ప్రిటోరియాలో ఎంచుకున్న విషయం వ్యాపారంలో సత్యం పాటించడం, అంటే ఆయన లోలోపల ఎన్నాళ్లుగానో తర్కించుకుంటూ వచ్చినది. దానికి తగినంతగా సిద్ధపడే వెళ్లానని ఆయనే రాశాడు. చోటు హాలు కాదు, ఇల్లు. శ్రోతలు పరాయి పండితులు కాదు, అదే అవమానాలను అనుభవిస్తున్న తోటి భారతీయులు. ఆ తరువాత వారు తరచుగా కలుసుకోవాలని నిర్ణయించుకోవడం వల్ల, ఇంచుమించు అదే ముఖాల ముందు మళ్లీ మళ్లీ మాట్లాడే అవకాశం ఆయనకు దొరికింది. సొంత విషయం, చిన్న వలయం, ఎరిగిన ముఖాలు, పదే పదే వచ్చే వంతు. ఈ నాలుగూ కలిసిన చోటు ఎక్కడున్నా మౌనం మెల్లగా కరుగుతుంది. ఆంధ్ర పల్లెల్లో అలాంటి చోటు వేలాదిగా ఏర్పడిన కథ ఇప్పుడు చెప్పుకోవలసినది.

1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్నప్పుడు, రాత్రి బడుల్లో పలక పట్టిన ఆడవాళ్లు తమ పాఠాల్లోని కష్టాలు తమవేనని గుర్తించారు. దూబగుంట గ్రామంలో రోసమ్మ తదితరులు సారా దుకాణాన్ని అడ్డుకోవడంతో మొదలైన కదలిక జిల్లా అంతటికీ, ఆపై రాష్ట్రమంతటికీ పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధానికి దారితీసింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది, రెండేళ్లు తిరిగేసరికి దాన్ని ఎత్తివేశారు. నిషేధం నిలిచిందా లేదా అన్నది వేరే చర్చ. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, అంతకు ముందు కలెక్టరు ఎదుట కాదు కదా, కరణం ఎదుట కూడా నోరు విప్పని స్త్రీలు, పక్కింటి ఆవిడ చెప్పింది విని, అందులో తమ ఇంటి సంగతి గుర్తుపట్టి, గొంతు కలిపారు. వారి తొలి మాటలో ఉన్నది సభా నైపుణ్యం కాదు, సాక్ష్యం.

ఆ ఉద్యమం సాగిన రోజుల్లోనే పొదుపు సంఘాలు బలపడ్డాయి. దేశంలో 1982లో మొదలైన డ్వాక్రా పథకం, తరువాత వచ్చిన వెలుగు పథకం పశ్చిమ ప్రకాశం పల్లెల్లో కూడా ఆడవాళ్లను పదీ పదిహేను మంది చొప్పున సంఘాలుగా కూర్చాయి. ఇప్పటికీ మార్కాపురం, గిద్దలూరు వైపు ఆ సంఘాల పనులు చూసే కార్యాలయాన్ని వెలుగు ఆఫీసు అనే పిలిచేవారు ఉన్నారు. సాధారణంగా ఈ సంఘాలను అప్పుల లెక్కలతో, బ్యాంకు లింకేజీతో కొలుస్తారు. అవి తెలుగునాట అతి పెద్ద వక్తృత్వ పాఠశాలలుగా పనిచేశాయన్న సంగతి తగినంతగా ఎవరూ రాయలేదు.

సంఘం సమావేశం నడిచే తీరును కాస్త నిలిచి చూడాలి. అందరూ గుండ్రంగా కింద కూర్చుంటారు. వేదిక లేదు, కాబట్టి ఎక్కవలసిన మెట్టూ లేదు. మొదటి పని పరిచయం. ఫలానా వారి కోడలుగా, ఫలానా వారి తల్లిగా ఇరవై ముప్ఫై ఏళ్లు గడిపిన స్త్రీ తన పేరు తాను నలుగురిలో పైకి చెప్పడం ఆ వలయంలో జరుగుతుంది. పట్నంలో పెరిగినవారికి ఇది చిన్న విషయంగా తోచవచ్చు. అత్తింట్లో తన పేరుతో పిలిపించుకోవడమే మరచిపోయిన మనిషికి అది మొదటి ప్రసంగం. తరువాత పొదుపు చదవడం వస్తుంది. ఈ నెల ఎవరు ఎంత కట్టారో, ఎవరి వాయిదా మిగిలిపోయిందో పుస్తకం చూసి చదివే మనిషికి మాటలు వెతుక్కునే పని లేదు. అంకెలు కాగితం మీదే ఉన్నాయి, గొంతు వినిపిస్తే చాలు. ఆ పైన అప్పు అడగడం ఉంది. గేదె కొనడానికో, బోరు మోటారు బాగుచేయించుకోవడానికో, పిల్ల పెళ్లికో డబ్బు కావలసినవారు కారణం చెప్పాలి, తోటివారి ప్రశ్నలకు జవాబివ్వాలి, తీర్చే దారి చూపాలి. వాదన, ఆధారం, ఎదుటివారి సందేహం, దానికి సమాధానం అన్నవి వక్తృత్వ శాస్త్రం రాసినవారు పెద్ద అధ్యాయాలుగా చెప్పే అంశాలు. ఇక్కడ అవి అరగంటలో జరిగిపోతాయి, వచ్చే సమావేశంలో మళ్లీ జరుగుతాయి.

సంఘం నుంచి గ్రామైక్య సంఘానికి, అక్కడి నుంచి మండల సమాఖ్యకు, ఆపై జిల్లా సమాఖ్యకు ప్రతినిధులు వెళతారు. ఒక్కో మెట్టు పైకి వెళ్లినప్పుడు వినేవారి సంఖ్య కాస్త పెరుగుతుంది, చెప్పేది మాత్రం కింద కూర్చుని విన్న విషయమే. ఇక్కడే మితభాషికి ఉన్న అసలు బలం బయటపడుతుంది. సమావేశంలో గలగలా మాట్లాడే సభ్యురాలు సాధారణంగా తన సంగతి చెబుతుంది; మూల కూర్చుని విన్న సభ్యురాలికి పన్నెండు ఇళ్ల సంగతీ తెలుసు. పైమెట్టు మీద పనికివచ్చేది ఆ రెండో రకం జ్ఞానం. ఎన్నో ఏళ్లు వినడంలో గడిపినవారు ఆలస్యంగా మాట్లాడడం మొదలుపెట్టినా, వారి మాటలో సరుకు ఉండడానికి కారణం ఇదే.

ఈ మెట్ల చివర జరిగింది మరింత ఆశ్చర్యకరం. ఆంధ్ర మహిళా సమాఖ్యల్లో అనుభవం గడించిన స్త్రీలను సామాజిక వనరుల వ్యక్తులుగా, వాడుకలో సీఆర్‌పీలుగా, ఎంపికచేసి బీహారు తదితర రాష్ట్రాలకు పంపారు. సంఘాన్ని ఎలా నడపాలో, అప్పు నుంచి ఎలా బయటపడ్డారో వారు అక్కడి పల్లెల్లో రోజుల తరబడి ఉండి, తమ బతుకు కథనే పాఠంగా చెప్పారు. భాష రాని చోట, ఎరగని మనుషుల ముందు, నడివయసులో నిలబడిన ఆ స్త్రీలలో చాలామంది వక్తృత్వ పోటీ అన్న మాట కూడా వినలేదు.

మగవారికీ యువతకూ ఇటువంటి బడి మరొకటి దొరికింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆరంభమైన ఉపాధి హామీ పథకంలో సామాజిక తనిఖీ అనే ప్రక్రియను ఆంధ్రప్రదేశ్ మిగిలిన రాష్ట్రాల కంటే ముందుగా వ్యవస్థగా నిర్మించుకుంది. కూలీల కుటుంబాలకు చెందిన యువతీయువకులు కొద్దిరోజుల శిక్షణ తరువాత ఇంటింటికీ తిరిగి, మస్టరులో రాసిన పనిదినాలనూ కూలీ చెప్పిన పనిదినాలనూ సరిపోల్చి, తేడాలను గ్రామసభలోనూ మండల స్థాయి ప్రజావేదికలోనూ పైకి చదువుతూ వచ్చారు. చేయని పనికి బిల్లు రాసినవారు ఎదురుగా కూర్చుని ఉండగా ఆ కాగితం చదవడం తేలిక కాదు. అయినా ఆ గొంతుకు దన్నుగా ఉన్నది చేతిలోని ఆధారం; తాను చెప్పేది నిజమని ఎరిగినవాడి వణుకు రెండో పేజీకి వచ్చేసరికి తగ్గుతుంది.

ప్రపంచంలో మరో మూల, పూర్తిగా వేరైన పరిస్థితుల్లో, ఇదే చట్రం కనిపించడం యాదృచ్ఛికం కాదు. 1924లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, శాంటా ఆనా అనే ఊళ్లో, రాల్ఫ్ స్మెడ్లీ స్థాపించిన టోస్ట్‌మాస్టర్స్ సంఘాలు ఇప్పుడు హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కార్యాలయాల్లోనూ విదేశాల్లోని తెలుగువారి మధ్యనూ నడుస్తున్నాయి. అక్కడ కూడా చిన్న వలయం, అవే ముఖాలు, అందరికీ వంతు, గడియారం పెట్టి కొలిచిన చిన్న చిన్న పనులు. కుర్చీల తీరు, భాష వేరు. గిద్దలూరు పక్క పల్లెలో పొదుపు సంఘం చేసిన పని కూడా అదే. ఆ సంఘానికి మాత్రం మాట్లాడడం నేర్పడం లక్ష్యం కాదు, అప్పు తీర్చడం లక్ష్యం. బహుశా అందుకే అది మరింత బాగా నేర్పింది: మనసు గొంతు మీద కాక పని మీద ఉన్నప్పుడు భయానికి చోటు తక్కువ.

భాష విషయంలో ఏర్పడే బెరుకు గురించి మళ్లీ చెప్పుకోవాలి. 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేసి, సవరల భాష నేర్చుకునే క్రమంలో జ్వరం, దాని మందుల ప్రభావం వల్ల వినికిడి దెబ్బతిన్నవాడు. యాభై ఏళ్లు దగ్గరపడుతున్న వయసులో ఆయన పండిత సభలకెక్కి, వాడుక భాషే చదువుకూ రచనకూ తగినదని వాదించాడు. ఆ వాదన గెలిచి దశాబ్దాలు గడిచినా, మైకు ముందు నిలబడగానే తెలుగువాడు ఇంటి మాట వదిలి, ఎక్కడో విన్న ఉపన్యాస భాషను నెత్తికెత్తుకుంటాడు. అది పట్టుబడనిది కాబట్టి, జయాంక్ చెప్పిన మలుపుదారిలో చిక్కుకుంటాడు. మార్కాపురం మనిషి మార్కాపురం తెలుగులో మాట్లాడడం మర్యాద తప్పడం కాదు. అది ఆయనకు తిన్నని దారి. ఈ ఒక్క సంకోచం తొలగితే సగం సభాకంపం దానంతటదే పోతుందని నమ్మడానికి తగిన కారణం ఉంది.

తొలి ప్రసంగానికి విషయం ఎంచుకోవడంలో కూడా ఇదే వర్తిస్తుంది. దేశభక్తి గురించి, యువత బాధ్యత గురించి రెండు ముక్కలు చెప్పమంటే తడబడే రైతు, పూల సుబ్బయ్య పేరు పెట్టిన వెలిగొండ ప్రాజెక్టు గురించి అడిగితే తడబడడు. కొల్లంవాగు దగ్గర మొదలై నల్లమల కింద దాదాపు 19 కిలోమీటర్లు సాగే జంట సొరంగాలు, తమ ఊళ్లో ఎండిపోయిన బోర్లు, ఫ్లోరైడు నీటితో నడుములు వంగిన పెద్దలు, వలస పోయిన ఇళ్లు, ఇవన్నీ ఆయన ఎవరినీ అడగకుండా చెప్పగలడు. కంభం చెరువు ఆయకట్టు రైతుకు గుండ్లకమ్మ ఏ నెలలో ఎంత పారుతుందో చెప్పడానికి కాగితం అక్కర్లేదు. మాట్లాడమని పిలిచేవారు ఈ సంగతి గుర్తించి, ఆ మనిషికి తెలిసిన విషయమే అడగడం న్యాయం.

సిద్ధపడే తీరులో మార్కాపురం వారికి పరిచయం అక్కర్లేని వస్తువు ఒకటి సాయపడుతుంది. ఆ ఊరి చుట్టుపక్కల తవ్విన రాతితో చేసిన పలకల మీద తరాల పిల్లలు అక్షరాలు దిద్దారు. పలక గొప్పతనం దాని మీద రాసినది తుడిచేయవచ్చు అన్నదే. తప్పు రాస్తే తడిగుడ్డతో చెరిపి మళ్లీ రాయవచ్చు. ప్రసంగం కూడా మొదట అలాగే, ఇంట్లో ఒకరి ముందు, అరుగు మీద ఇద్దరి ముందు, పైకి చెప్పి చెరిపి మళ్లీ చెప్పవలసినది. మనసులో చదువుకోవడం ఇందుకు చాలదు, ఎందుకంటే నాలుకకు అలవాటు కావలసినది శబ్దం. మొదటి రెండు వాక్యాలు నోటికి వచ్చేదాకా వల్లించి, మిగిలినదానికి గుర్తులు మాత్రం రాసుకోవడం మితభాషికి నప్పే పద్ధతి. మొత్తం రాసుకుని చదివితే వెంట్నర్‌లోలా కాగితమే మసకబారే ప్రమాదం ఉంది.

లోపలి వణుకు బయటికి కనిపిస్తోందేమోనన్న దిగులు ఆ వణుకును రెట్టింపు చేస్తుంది. అమెరికా పరిశోధకులు కెన్నెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ 2003లో ప్రచురించిన అధ్యయనంలో, తమ గాభరా శ్రోతలకు ఎంతగా తెలిసిపోతోందని వక్తలు అనుకున్నారో నిజానికి అంతగా తెలియలేదని తేలింది. ఆ సంగతి ముందుగా వివరించి చెప్పగా విన్న వక్తలు మిగిలినవారి కంటే మెరుగ్గా మాట్లాడారు. ఈ ఒక్క సమాచారం ప్రతి గ్రామైక్య సంఘంలోనూ, ప్రతి బడి తల్లిదండ్రుల సమావేశంలోనూ చేరవలసినది.

ఇంతా జరిగాక మితభాషి వాచాలుడు కాడు, కానక్కర్లేదు. సభ ముగిశాక ఆయన అలసిపోయి ఒంటరిగా కాసేపు కూర్చోవాలనుకుంటే అది గర్వం కాదని చుట్టూ ఉన్నవారు తెలుసుకోవాలి. మాటలను పొదుపుగా వాడే అలవాటు తన సిగ్గు వల్లే అబ్బిందని గాంధీ తరువాతి కాలంలో సంతోషించాడు. మార్కాపురం పక్క పల్లెలో ఒక గ్రామసభకు అరవై ఏళ్ల మితభాషిని పిలిస్తే, ఆయన నాలుగు నిమిషాలే మాట్లాడవచ్చు. ఆ నాలుగు నిమిషాల్లో ఏ వీధి కొళాయికి ఎన్ని రోజులుగా నీళ్లు రావడం లేదో, ఎవరు ఎవరికి ఎన్నిసార్లు అర్జీ పెట్టారో, వరుసగా, తేదీలతో సహా వినిపిస్తుంది. కార్యదర్శి వాటిని రాసుకోవడానికి పుస్తకం తెరవవలసి వస్తుంది.